ఐదు శంఖాలు

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఏసీ కొట్టు.
చెప్పులు బయట విడిచి లోపలికెళ్లా.
గోడ నిండా నల్లపెట్టెలు,
ఒక్కోదాని నుదుట రూపాయి బిళ్లంత గుండీ.
"ఎన్ని వాట్లది కావాలి బాబాయ్?" అన్నాడు మస్తాన్‌వలి.

వాట్లు నాకేం తెలుసు.
నాకు తెలిసింది అడుగులు:
బొక్క ఎన్ని అడుగులు దిగాలి,
సైరన్ మోగాక ఎన్ని అడుగులు వెనక్కి ఉరకాలి.
చీమకుర్తి క్వారీలో ఇరవై రెండేళ్లు
రాయి లోపల ఏముందో చెవితో చెప్పినోణ్ణి.
సుత్తేస్తే టంగుమంటే నిండు రాయి,
డబ్బుమంటే కడుపులో చీలిక.
ఒకనాడు మందు తొందరపడింది.
ఎడమ చెవి ఆ గుంతలోనే ఉండిపోయింది,
నేను మాత్రం ఇంటికొచ్చా.

ఆ సంగతి మస్తాన్‌కి చెప్పలా.
బేరానికి ముందు లోటు చెప్పుకునేవాడు
ఎద్దునూ అమ్మలేడు, పెట్టెనూ కొనలేడు.

సోఫా నడుమ కూర్చోబెట్టి
హెలికాప్టర్ని వదిలాడు.
కుడి మూల లేచింది, నెత్తి మీదికొచ్చింది,
ఇంక అక్కణ్ణుంచి
కొండ చాటుకి దిగినట్టు మెత్తబడి మెత్తబడి…
"గది చుట్టూ తిరిగిందా బాబాయ్?"
"సగం తిరిగింది."
వాడు తీగలు పీకి మళ్లీ పెట్టాడు,
ఎడమ స్పీకర్‌కి చెవి ఆనించి విన్నాడు,
పెట్టె మార్చాడు, ఇంకో పెట్టె మార్చాడు.
తప్పు నాలో ఉంటే
పాపం సామానంతా వెతికాడు.

అప్పుడు చెప్పా.

అయ్యో అనలా వాడు. అదే నాకు నచ్చింది.
తొమ్మిది దారుల ఖరీదైనదాన్ని పక్కకి నెట్టి,
"నీకిది దండగ. ఒక్కటే బద్ద ఉంది,
టీవీ కింద పెడితే చాలు, ధర సగం" అన్నాడు.
ఒక చెవికి ఒక బద్ద. లెక్క సరిపోయింది.
లేచి గుమ్మం దాకా వచ్చా.
చెప్పుల్లో కాలు పెట్టబోతూ అనిపించింది:
నాకు ఒక వైపే ఉందని
ఇంటికి కూడా ఒక వైపేనా?

"ఐదు దారులది చూపించు."

దాంతో పాటు చిన్న మైకొకటి, గంట ముల్లంత తీగతో.
కూర్చునే చోట పెడితే
ఒక్కో స్పీకరూ కుయ్యిమంటదట,
ఎవరెంత దూరమో అదే కొలుచుకుంటదట.
"ఒక చెవి లేదని దానికి చెప్పొచ్చా?"
మస్తాన్ పుస్తకం తిరగేశాడు.
పద్నాలుగు భాషలున్నాయి.
ఏ భాషలోనూ ఆ మాట లేదు.

"చెవిటోడి ముందు శంఖం అంటారు,
నువ్వు ఐదు శంఖాలు కొనుక్కొచ్చావు!"
అంకమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.
కంతులు పన్నెండని తెలిశాక నవ్వలేదు.

స్పీకర్ల కింద ఎత్తుకి
పెరట్లో పడున్న గెలాక్సీ ముక్కలు కడిగి పెట్టా.
నల్లరాతిలో బంగారు చుక్కలు,
ఏ దేశంలోనో ఎవరి వంటింట్లోనో పరిచే రాయి,
మా ఇంట్లో శబ్దాన్ని మోస్తా ఉంది.

మైకు నేను కూర్చునే చోట పెట్టాలి.
అంకమ్మ కుర్చీలో పెట్టా.
ఆమెకి ఎడం పక్కన పీట వేసుకున్నా,
బతికున్న చెవి ఆమె వైపు.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఇట్లా గడుస్తున్నాయి.
ఆమె అలసందలు వలుస్తా సినిమా చూస్తది.
వెనక మూల ఎవరో తలుపు తీస్తే
ఆమె గడ్డం అటు తిరుగుద్ది.
వాన వస్తే చేతిలో కాయతో చూపిస్తది,
ఇటు మొదలైంది, ఇదిగో ఇటు పోతంది.
నేను తెర చూడను. కాయ చూస్తా.
వాన ఎడమకి కూడా పడతంది.

మూడింటికి క్వారీ సైరన్.
ఆమె చేట ఒళ్లోకి లాక్కుంటది.
అద్దాలు, ఐదు పెట్టెలు, వాటి కింది రాళ్లు
అన్నీ ఒక్కసారే అదురుతాయి.
ఎటు నుంచి, అన్నట్టు నా వైపు చూస్తది.
అప్పుడు వేలు నాది.
అరికాలు నేలకి ఆనించి
ఎన్నో బెంచీలో పేలిందో కూడా చెప్తా.